ప్రశ్న లేని పన్నెండో కాగితం

శంకర్ నగర్‌లో మేడ మీది గది ఖాళీ చేస్తున్నారనీ, స్టవ్వూ గిన్నెలూ పట్టుకెళ్ళిపొమ్మనీ కబురొస్తే మొన్న ఆదివారం వెళ్ళాను. నేను వెళ్ళేసరికి రంగులు వేసే మనిషి మూడు గోడలు పూర్తిచేసి నాలుగో గోడ ముందు నిలబడి ఉన్నాడు. స్టవ్వు పక్క గోడ అది. దాని మీద నల్లపెన్నుతో రాసిన ఏడు వరుసలు వంకరటింకరగా ఉన్నాయి.

"మౌసీ, యే కా లిఖాయ్ హే? కోనో మంతర్ హే కా?" అన్నాడు. ఇదేం రాశారు పిన్నీ, మంత్రమా అని అడుగుతున్నాడు.

మంత్రం కాదు, చాయ్ చేసే విధానమని హిందీలో చెప్పాను.

"చాయ్ కోసం గోడంతా పాడుచేశారా!" అని నవ్వి, మీ సామాను సర్దుకోండి, ఈలోగా కిటికీలకు వేస్తానంటూ డబ్బా పట్టుకుని అటు వెళ్ళాడు.

ఆ గోడ పాడుచేయించిన మనిషి పోయి ఏడాది కావస్తోంది. ఆయన పేరు ఇక్కడ రాయను. పేరు కళ్ళబడితే చెవులు మూసుకుపోతాయని ఆయనే అనేవారు.

వాళ్ళ నాన్నగారూ మా మామగారూ రైల్వే పని కోసం శ్రీకాకుళం వైపు నుంచి రాయ్‌పూర్ వచ్చినవాళ్ళు. ఆయన కూడా కొన్నాళ్ళు రైల్వేలో గుమాస్తాగా చేసి, మానేసి, కంప్యూటర్లు పట్టుకున్నారు. సన్నటి మనిషి. ఎండాకాలంలో కూడా నిండుచేతుల చొక్కా. జేబులో పెన్ను ఉండాల్సిన చోట బట్టలకు పెట్టే క్లిప్పులు మూడు ఉండేవి. నేను ఆ గదిలో ఊడ్చి, చాయ్ పెట్టే పనికి ఉండేదాన్ని. చాయ్ ఇస్తే సాసర్లో పోసుకుని, పైన మీగడ కట్టేదాకా ఉంచి, అప్పుడు అందులోకి తొంగిచూసేవారు.

"దీన్లో దాచిందేటీ లేదు కదా, చెల్లెమ్మా?"

"అల్లం తప్ప ఏటీ లేదు బాబుగారూ."

"అది చెప్పీసినావు కదా. మరింక దాచినట్టు కాదు."

ఎన్నేళ్ళయినా అదే మాట, అదే జవాబు. రెండూ అయితేనే ఆయన చాయ్ తాగేవారు.

ఆ గదిలో జరిగే పని నాకు మొదట్లో అర్థమయ్యేది కాదు. ఏటా చలికాలంలో మా ఊళ్ళో ఒక సభ పెట్టేవారు. కంప్యూటర్ ప్రోగ్రాములు తయారుచేసి, వాటి లోపల ఏముందో దాచకుండా అందరికీ చూపించే మనుషుల సభ అది. అక్కడ మాట్లాడాలనుకున్న ప్రతివాళ్ళూ ఏం చెప్తారో ఒక కాగితం మీద రాసి పంపాలి. కాగితాలు చాలా వచ్చేవి, సమయం కొద్దిమందికే ఉండేది. వాటిలోంచి ఎంచడానికి భాద్రపద మాసంలో ఆదివారాలు మధ్యాహ్నం ముగ్గురు కూర్చునేవారు. ఆయన ఒకరు. ఇంజనీరింగ్ కాలేజీలో పాఠాలు చెప్పే మేడమ్ ఒకరు. సిల్తారా స్టీలు ఫ్యాక్టరీలో కంప్యూటర్లు చూసే ఇంజనీరు ఒకరు. మేడమూ ఇంజనీరూ హిందీవాళ్ళు. వాళ్ళ మాటలు నాకు గుర్తున్నట్టు తెలుగులో రాస్తున్నాను.

"ఏటి బాబుగారూ ఈ పని? చేసిందంతా ఊరికే ఊళ్ళోవాళ్ళకి చూపించీడమా?" అని ఒకరోజు అడిగాను.

"నీ చాయ్ ఎలగ చేస్తావో ఎవరైనా అడిగితే చెప్తావా, దాస్తావా?"

"దాయడానికి అదేమన్నా బంగారమా? చెప్తాను."

"అడక్కపోతే?"

"అడక్కపోతే ఎవరికి చెప్తాను?"

"గోడ మీద రాసి పెట్టీ. వచ్చినోడు చదువుకుంటాడు. ఇంటికెళ్ళి చేసుకుంటాడు. నీకన్నా బాగా కుదిరితే వచ్చి గోడ మీద దిద్దుతాడు. బస్, అంతే మా పని."

"నాకు రాయడం రాదు కదండి."

ఆయన కాసేపు సాసర్లోకి చూసుకున్నారు. "అయితే రాద్దాం పట్టు" అన్నారు.

మరుసటి ఆదివారం పలక, బలపం తెచ్చారు. అప్పటికి నాకు యాభై దాటాయి. అంకెలు తెలుసు గానీ ఒక్క అక్షరం రాదు. నాకు సిగ్గేసి, ఈ వయసులో ఎందుకండీ అంటే, "నేను హిందీ బడిలో చదూకున్నాను. తెలుగు నలభై దాటేక నేర్చుకున్నాను. నాగపూర్లో ఉద్యోగానికి ఎల్లినప్పుడు మా అమ్మ రాసిన ఉత్తరాలు ఉండిపోయినాయి. అప్పట్లో ఎవరిచేతో చదివించుకునీవోడిని. ఆవిడ పోయేక, నేనే చదవాలనిపించింది" అన్నారు.

"ఏం రాశారండి అందులో?"

"ఎక్కువ స్వెట్టర్ ఏసుకోమనే."

ఏడాది పొడుగునా ఆదివారాలు నాకు పాఠం. మిగతావాళ్ళు వచ్చే రోజుల్లో వాళ్ళకంటే అరగంట ముందు. ఆయన మనసుకు ఓపిక ఉండేది, చేతికి ఉండేది కాదు. పలక మీద ఒక మాట రాసేవారు. నేను మొదటి అక్షరం పట్టుకుని రెండోదాని మీదికి వచ్చేసరికి, "ఆఁ, అర్థమైంది కదా" అని అరచేత్తో తుడిచేసి ఇంకో మాట రాసేవారు. నేను "ఆఁ" అనేసేదాన్ని. ఇంటికి వెళ్ళి, గుర్తున్న సగం మాటను మళ్ళీ రాసుకుని, మిగతా సగం ఏమై ఉంటుందా అని ఆలోచించేదాన్ని. అలా రెండేళ్ళు. రెండో ఏడు చివర గోడ మీద చాయ్ విధానం రాశాను. ఆయన చూసి, అల్లం మాట లేదేమిటన్నారు. "అది దాచినానండి" అన్నాను. కడుపు పట్టుకుని నవ్వి, పెన్ను నా చేతికిచ్చి, ఏడో వరుస రాసేదాకా కదల్లేదు.

కాగితాలు ఎంచడానికి ఆయన రెండు నియమాలు పెట్టారు.

మొదటిది పేర్ల సంగతి. మనిషి పేరు, ఊరు, ఉద్యోగం ఒక కాగితం మీద, చెప్పబోయే విషయం ఇంకో కాగితం మీద అచ్చు తీసేవారు. రెండింటి మీదా ఒకే నంబరు. విషయం ఉన్న కాగితాలు ముగ్గురి ముందూ ఉండేవి. పేర్ల కాగితాలు మడతపెట్టి నాకిచ్చేవారు, నేను ఒక బిస్కెట్ డబ్బాలో వేసి దాచేదాన్ని. "చదవడం రాని మనిషి కంటే భద్రమైన బీరువా ఉందా?" అని మేడమ్‌తో అనేవారు. నాకు అక్షరాలు వచ్చాక కూడా డబ్బా నా దగ్గరే ఉంచారు. పేర్లన్నీ ఇంగ్లీషులోనే ఉంటాయి కదా, నాకు వచ్చింది తెలుగే.

రెండో నియమం మేడమ్‌కు చాలాకాలం నచ్చలేదు. ప్రతి కాగితం చదివాక ముగ్గురిలో ఒకరు దాని సంగతి నాకు మామూలు మాటల్లో చెప్పాలి. నేను విని ఏదో ఒక ప్రశ్న అడగాలి. ప్రశ్న వస్తే ఆ కాగితాన్ని గదిలో కట్టిన బట్టల తాడుకు క్లిప్పుతో తగిలించేవారు. తాడు మీద ఉన్నవాటికే మార్కులు. ప్రశ్న రాకపోతే కాగితం కింద బుట్టలోకి వెళ్ళిపోయేది.

"భాయ్‌సాబ్, ఇక మీదట మౌసీ పాస్ చేస్తారా మన టాక్‌లు?" అంది మేడమ్ మొదటిసారి.

"మౌసీ పాస్ చెయ్యదు, ఫెయిల్ చెయ్యదు. వినేమనిషికి ఒక్క ప్రశ్న కూడా పుట్టలేదంటే, చెప్పేవాడు తనకు తానే చెప్పుకుంటున్నాడని అర్థం."

ఒకసారి ఎవరో బస్సు ఎక్కడుందో ఫోన్లో కనబడే ప్రోగ్రాం గురించి పంపారు. డ్రైవరు ఫోన్ నుంచి తెలుస్తుందని ఇంజనీరు నాకు వివరంగా చెప్పాడు. "డ్రైవరు ఫోను ఇంట్లో మర్చిపోతే?" అన్నాను. ఇంజనీరు పెద్దగా నవ్వి, సగంలో ఆపి, కాగితం మళ్ళీ చూశాడు. "మౌసీ, వీడు ఆ సంగతి రాయలేదు" అన్నాడు. ఆయన అప్పటికే క్లిప్పు తీసి పట్టుకున్నారు.

ఇంకో ఏడు ఒక కాగితానికి నాకేమీ తోచలేదు. బుట్టలో పడింది. అంతా అయ్యాక డబ్బా తెరిస్తే, అది సభకు భోజనాలు పెట్టిస్తామన్న కంపెనీలో పెద్దాయనది. ఇంజనీరు మొహం పాలిపోయింది.

"దాదా, ఇంకొక్కసారి చూద్దాం."

"ఏది చూద్దామంటావు? కాగితమా, పేరా?"

భోజనాలు పోయాయి. ఆ ఏడు సభకు వచ్చినవాళ్ళందరికీ నేను అటుకుల పోహా చేసి, శనగలు ఉడకబెట్టాను. ఆయన భుజాన తువ్వాలు వేసుకుని వడ్డించారు. మారు అడిగినవాళ్ళకు, "తినండి తినండి, దీన్లో ఎవరి పేరూ లేదు" అని చెప్పడం నేను విన్నాను.

ఎంపిక కానివాళ్ళకు ఆయనే ఫోన్ చేసేవారు. కంప్యూటర్లో ఒక్క ఉత్తరం రాసి అందరికీ పంపొచ్చు కదా అని మేడమ్ అంటే, కాదు అని చెప్పేటప్పుడు ఎదటి మనిషి నిట్టూర్పు మనకు వినబడాలి అన్నారు. వరండాలో ఆ చివర నుంచి ఈ చివరకు నడుస్తూ ఒక్కొక్కరితో మాట్లాడేవారు. నచ్చిన మాట ఒకటి, మార్చాల్సిన మాట ఒకటి చెప్పి, వచ్చే ఏడు మళ్ళీ పంపండి అనేవారు. ఒక్కొక్కరికి ఇంచుమించు ఇరవై నడకలు. అన్నేళ్ళలో ఆయన మాత్రం ఒక్కసారి కూడా సభలో మాట్లాడలేదు. సభరోజు పొద్దున్నే ఖాళీ హాల్లో మైకు పట్టుకుని "ఒకటి, రెండు, మూడు" అని తెలుగులో లెక్కపెట్టి చూసేవారు. ఆ హాలు ఆయన గొంతు విన్నది అంతవరకే.

చెప్పడానికి లేక కాదు. తిల్దాలో బియ్యం మిల్లుల కోసం ఆయన ఒక ప్రోగ్రాం తయారుచేశారు. రైతు బండి కాంటా ఎక్కితే తూకం చీటీ హిందీలో అచ్చయి వస్తుంది. తూకంలో మిల్లువాళ్ళు ఎంత తీసేశారో, ఎందుకు తీసేశారో దాని మీదే ఉంటుంది. ప్రోగ్రాం లోపలిదంతా అందరికీ కనబడేలా పెట్టేశారు. కావాలంటే రైతు కొడుకు కూడా తెరిచి చూసి, తప్పుంటే చెప్పొచ్చు. శనివారం శనివారం లోకల్ రైలెక్కి తిల్దా వెళ్ళి వచ్చేవారు. చీటీ రాకపోయినా, అంకె తప్పినా ఫోన్ ఆయనకే.

"నాకు జ్వరం వస్తే తిల్దాలో కాంటా కూడా ముసుగేసుకు పడుకుంటాది" అని నవ్వేవారు. "తలుపు తీసే ఉంచినాను చెల్లెమ్మా. ఎవుడో ఒకడు రావాలి గదా."

ఆ గదిలో కాగితాలు ఎంచిన ఆఖరి ఏడు ఆయన చాయ్ మరీ చల్లారాక తాగడం మొదలుపెట్టారు. అడిగితే గొంతు నొప్పి అన్నారు. వినాయక చవితి దాటాక ఒక ఆదివారం పాఠం మధ్యలో బలపం కింద పెట్టి చెప్పారు.

"మాట పోతాదంట. పుష్యమాసంలో ఆపరేషన్. గొంతులో ఉన్నది తీసీకపోతే మనిషే పోతాడంట."

నేను పలక ఒళ్ళోంచి తీసి కింద పెట్టాను.

"వాళ్ళిద్దరికీ చెప్పకు. తెలిస్తే నాకో దండేసి, శాలువా కప్పి, స్టేజీ మీద కుర్చీలో కూర్చోబెట్టీస్తారు. అదొద్దు నాకు."

సభ మార్గశిరంలో. ఆపరేషన్ ఆ తరువాతి నెలలో. నేను వేళ్ళ మీద లెక్కపెట్టుకున్నాను.

మరుసటి వారం పేర్ల కాగితాలు డబ్బాలో వేస్తున్నాను. స్టవ్వు మీద పాలున్నాయి. పదకొండు తరువాత కాగితం అచ్చువేసింది కాదు. పెన్సిలుతో, చేత్తో రాసి ఉంది. తెలుగులో. మడత విప్పకుండానే మొదటి అక్షరం కనబడింది. విప్పకూడదని తెలిసీ విప్పాను. ఒక్కొక్క అక్షరమే పట్టుకుని చివరిదాకా వచ్చేసరికి పాలు పొంగి స్టవ్వు ఆరిపోయింది.

ఎంచేవాళ్ళు తమ కాగితం పెట్టకూడదన్న నియమమేమీ లేదు. ఇంతవరకు ఎవరికీ ఆ ఆలోచన రాలేదు, అంతే. మాట ఉండగా ఒక్కసారి ఆ హాల్లో నిలబడి మాట్లాడాలని ఆయనకు ఉంది. అది పేరు వల్ల రాకూడదు, శాలువా వల్ల రాకూడదు. అందరిలాగే తాడు మీద వేలాడి రావాలి. ఇదంతా ఎవరూ చెప్పకుండానే, ఆరిపోయిన స్టవ్వు ముందు నిలబడి నాకు అర్థమైంది.

పన్నెండో నంబరు వచ్చేసరికి ఆయన, "నాకు గొంతు బాగోలేదు, ఇది మీరిద్దరూ చూడండి" అన్నారు. మేడమ్ చదివి, నా వైపు తిరిగి చెప్పింది.

"ఒక మనిషి ఒక ప్రోగ్రాం తయారుచేశాడు మౌసీ. తన తరువాత దాన్ని ఎవరు చూసుకుంటారు, వాళ్ళకు ఎలా అప్పగించాలి, అని చెప్తానంటున్నాడు. ఏ ప్రోగ్రామో రాయలేదు. ఎక్కడో చెప్పలేదు. ఎవరో పెద్దవయసాయన అయ్యుంటారు."

"ఇది టాక్ కాదు మేడమ్, వీలునామా" అన్నాడు ఇంజనీరు.

మేడమ్ నవ్వింది. ఆయన కూడా నవ్వారు. ఆ నవ్వు నాకిప్పటికీ కనబడుతుంది. జోకు బాగుందని ఒప్పుకున్న నవ్వు.

తన జాడ తెలియకూడదని తిల్దా మాటా కాంటా మాటా తీసేశారు. రైతు లేడు, చీటీ లేదు. అవి తీసేశాక ఆ కాగితంలో ఏముంటుంది?

"మౌసీ, సవాల్?" అన్నాడు ఇంజనీరు, నా ప్రశ్న ఏమిటని.

నా నాలుక చివర ప్రశ్న ఉంది. తలుపు తీసి ఉంచారు సరే, ఎవరూ లోపలికి రాకపోతే? అంతే. అది అడిగితే చాలు, కాగితం తాడెక్కుతుంది. మేడమ్ మళ్ళీ చదువుతుంది. కానీ ఆ ప్రశ్న కాగితం విన్నందుకు పుట్టిందా, పేరు చూసినందుకు పుట్టిందా? పేరు చూడకపోతే నాకు తలుపు గుర్తొచ్చేదా? ఆయన వంక చూశాను. ఆయన క్లిప్పులు సర్దుకుంటున్నారు, తల ఎత్తలేదు. పెద్ద కంపెనీ భోజనాలు వదులుకుని పోహా వడ్డించిన మనిషి. ఆయన నియమాన్ని ఆయన కోసమే నేను తప్పితే, నా మొహం మళ్ళీ చూస్తారా అనుకున్నాను.

"ఏమీ లేదు" అన్నాను.

ఆయనే వంగి పన్నెండో కాగితం తీసి, మడత పడకుండా బుట్టలో పెట్టారు.

సాయంత్రం మేడమూ ఇంజనీరూ వెళ్ళిపోయాక, డబ్బా తనే తెరిచి పేర్లు చూసుకుని, ఫోన్లు చేయడానికి వరండాలోకి వెళ్ళారు. నేను గిన్నెలు తోముతూ చూస్తున్నాను. ఒక్కొక్కరితో ఆ బొంగురు గొంతుతోనే మాట్లాడారు. అందరూ అయ్యాక లోపలికి రాలేదు. ఫోను మళ్ళీ చెవికి పెట్టుకున్నారు. నొక్కలేదు, మాట్లాడలేదు. ఆ చివర నుంచి ఈ చివరకు, ఈ చివర నుంచి ఆ చివరకు నడిచారు. నేను లెక్కపెట్టాను. ఇరవై అయ్యాయి. ఫోను జేబులో పెట్టుకుని లోపలికొచ్చి, "చాయ్ ఉందా చెల్లెమ్మా?" అన్నారు. తాగేముందు సాసర్లోకి చూశారు గానీ, దాచిందేటీ లేదు కదా అని ఆ రోజు అడగలేదు.

సభరోజు పొద్దున ఆయన మైకు చూస్తుంటే నేను హాలు వెనక చాయ్ సామాను దించుతున్నాను. ప్రతి ఏడూ మూడుతో ఆపేవారు. ఆ ఏడు ఆపలేదు. నాలుగు, ఐదు, ఆరు. గొంతు గీసుకుపోతోంది. పన్నెండు దాకా వెళ్ళి, ఖాళీ కుర్చీలకేసి కాసేపు చూసి, మైకు కట్టేశారు.

ఆపరేషన్ అయిన నెలకు వాళ్ళింటికి వెళ్ళాను. మెడకు తెల్లటి గుడ్డ కట్టి ఉంది. వాళ్ళావిడ మొహం చూస్తే చాలా రోజులుగా నిద్ర లేనట్టుంది. "పాత క్యాలెండర్లన్నీ వెనక వైపు రాసి రాసి అయిపోయినాయి వదినా" అంది. అలాంటి అవసరం ఉంటుందనే నేను నా పలక పట్టుకెళ్ళాను. ఆయన దాన్ని చూసి, కళ్ళు పెద్దవి చేసి, ఒళ్ళో పెట్టుకుని, బలపం అడిగారు.

మొదట రాసింది ఇది: ఆ రోజు ప్రశ్న అడగలేదేం?

నేను వేలు పెట్టి చదువుకున్నాను. "మీ పేరు చదివీసినాను బాబుగారూ" అన్నాను.

ఆయన నన్నే చూశారు. తరువాత భుజాలు కదిలాయి. చప్పుడు లేని నవ్వు. వాళ్ళావిడను చెయ్యి ఊపి పిలిచి, నన్ను చూపించి, పలక మీద పెద్దగా రాశారు: చదివింది! చేత్తో రాసింది చదివింది!

"తెలుగులో ఎందుకు రాశారండి?" అన్నాను.

ఒక్కరికైనా తెలియాలని, అని రాశారు. దాన్ని తుడిచి, నాదే తప్పు, అని రాశారు. అదీ తుడిచి, ఇంతకీ ఏం అడుగుదామనుకున్నావు, అని రాశారు.

చెప్పాను. తలుపు తీసి ఉంచారు సరే, ఎవరూ లోపలికి రాకపోతే?

ఆయన దిండుకు ఆనుకున్నవారు లేచి నిటారుగా కూర్చున్నారు. బలపం గట్టిగా పట్టుకుని రాయడం మొదలుపెట్టారు. పలక నిండగానే నా వైపు తిప్పారు. మొదటి వరుసలో తిల్దా ఉంది. రెండో వరుసలో కాంటా పట్టుకునే వరకు ఆయన కళ్ళు నా మొహం మీదే ఉన్నాయి. "ఆఁ" అన్నాను. అరచేత్తో తుడిచేసి రెండో పలక రాశారు. అందులో ఎవరో రైతు చీటీ పట్టుకుని నిలబడ్డాడు. ఆ రైతు ఏమన్నాడో నేను చేరేలోగా అది కూడా పోయింది. మూడో పలక, నాలుగో పలక. ఆ హాల్లో చెప్పాలనుకున్నదంతా నాకు చెప్తున్నారు. చొక్కా ముందంతా సుద్దపొడి రాలింది. నా చదువు ఆయన చేతి వెనకాల పరుగెత్తుతోంది, అందడం లేదు.

ఆగండి అని ఒక్క మాట అంటే సరిపోయేది. కానీ నాకు చదువు వచ్చేసిందని అప్పుడే కదా అంత సంబరపడ్డారు? నాకు సగమే వచ్చింది బాబుగారూ అని ఏ నోటితో చెప్పను? ప్రతి పలకకూ "ఆఁ" అన్నాను.

చివరి పలక చిన్నది. ఒక్క వరుసే. అందులో నేను చదివింది ఇంతవరకు: ఎవరూ రాకపోయినా తలుపు. అంతలో ఆయన అరచెయ్యి పడింది. తరువాత వెనక్కి ఆనుకుని, చాలా బాగా మాట్లాడిన మనిషిలా కళ్ళు మూసుకున్నారు.

మళ్ళీ వచ్చినప్పుడు అడుగుదామనుకున్నాను. మళ్ళీ వెళ్ళిన రెండుసార్లూ ఆయన నిద్రలో ఉన్నారు. వానలు మొదలైన వారానికి పోయారు. పదకొండో రోజు వెళ్తే వాళ్ళావిడ చేతిలో ఆయన ఫోను ఉంది. "తిల్దా నుంచి వదినా. చీటీలు రావడం లేదంట. లేరు అని చెప్తే సారీ అంటారు. మళ్ళీ ఇంకో మిల్లువాళ్ళు చేస్తారు" అంది.

ఇదంతా తలుచుకుంటూ గిన్నెలు సంచిలో వేస్తుంటే, గదిలో మిగిలిన కంప్యూటర్ తీసుకుపోవడానికి సిల్తారా ఇంజనీరు వచ్చాడు. జుట్టు అక్కడక్కడ నెరిసింది. బిస్కెట్ డబ్బా అతనికిచ్చేశాను. ఆ ఏటి కాగితాలు అందులోనే ఉన్నాయి. పైన ఉన్నవి తిరగేస్తూ ఒకదాని దగ్గర ఆగాడు.

"ఇది చేత్తో రాసి ఉందేమిటి మౌసీ? ఏ భాష?"

"తెలుగు. పన్నెండో నంబరు" అని, అందులో ఉన్న పేరు చదివి వినిపించాను.

అతను కంప్యూటర్ పెట్టె మీదే కూర్చున్నాడు. "ఆ రోజు దీన్ని నేనేమన్నానో గుర్తుందా మీకు?" అన్నాడు. గుర్తుందన్నాను. "మీకు అప్పుడే తెలుసా?" తెలుసన్నాను. నేను అడగని ప్రశ్న ఏమిటో చెప్పాను. ఆయన పలక మీద జవాబు రాసిన సంగతి కూడా చెప్పాను.

"ఏం రాశారు?"

"ఎవరూ రాకపోయినా తలుపు, అని."

"తరువాత?"

"తుడిచేశారు."

అతను కాగితాన్ని రెండు చేతులతో పట్టుకుని ఉన్నాడు. "ఆ ప్రోగ్రాం ఇప్పటికీ అందరికీ కనబడే చోటే ఉంది మౌసీ. ఇన్నేళ్ళలో నేను ఒక్కసారి కూడా తెరిచి చూడలేదు" అన్నాడు.

కిటికీలు అయిపోయినట్టున్నాయి. రంగులు వేసే మనిషి నాలుగో గోడ దగ్గరికి వచ్చి, బ్రష్షు ముంచి, పైకెత్తాడు. తెల్లటి చుక్కలు నేల మీద పడుతున్నాయి.

"ఆగు" అన్నాను. నా గొంతు నాకే గట్టిగా వినబడింది.

అతను చెయ్యి అలాగే పట్టుకుని నిలబడ్డాడు. నేను గోడ దగ్గరికి వెళ్ళి, మొదటి వరుస మొదటి అక్షరం మీద వేలు పెట్టి, నీళ్ళు దగ్గర మొదలుపెట్టి, ఒక్కొక్కటే పైకి చదువుకుంటూ ఏడో వరుసలో అల్లం దాకా వచ్చాను. చివరి అక్షరం అయ్యాక వేలు తీసి, పక్కకు జరిగాను.

"ఇక వెయ్యి" అన్నాను.